చెయ్యి చెప్పే మాట

నిరుడు జూన్ తొమ్మిది. ఆ రోజు తిన్నది చింతచిగురులో వండిన ఎండురొయ్యలు, జొన్నరొట్టె. రొట్టె హాతీరాం డబ్బాలోది, కూర సీతయ్య డబ్బాలోది. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె నీడలో కూర్చుని ఇద్దరూ పంచుకున్నారు. "రొయ్యలన్నీ నువ్వే ఏరుకున్నవ్, నాకు ఆకు మిగిల్చినవ్" అని సీతయ్య నవ్విన సంగతి కూడా గుర్తుంది. డబ్బాలు కడిగి బోర్లించారు. అవి ఆరకముందే సీతయ్య లేడు.

ఆ పులుపు ఇప్పటికీ అప్పుడప్పుడూ నాలుక మీదికి వస్తుంది. వచ్చినప్పుడల్లా హాతీరాం ఎడమచెయ్యి జుమ్మంటుంది. ఈ పొద్దున కూడా అన్నది. అతను వాకిట్లో పీట మీద కూర్చుని, స్టీలు గ్లాసుకి చుట్టిన సైకిల్ ట్యూబు రబ్బరును బ్లేడుతో కోస్తున్నాడు. చెయ్యి జుమ్మన్నప్పుడు బ్లేడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"ఏంది, పొద్దుగాల్నే బ్లేడు పట్టుకున్నవ్?" అంది భార్య సోమ్లి, పొయ్యి దగ్గర నుంచే.

"ఇగ దీని పనిలేదు."

"డాక్టర్ తియ్యమన్నడా?"

"అనలే. నాకే అనిపించింది."

రబ్బరు చుట్టింది సోమ్లే. సీతయ్య పోయిన తర్వాత వచ్చిన వానాకాలంలో, హాతీరాం ఇనుము కనిపిస్తే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. టీ గ్లాసు పట్టుకుంటే వేళ్ళ నుంచి మోచేతి దాకా సన్నగా కరెంటు పాకినట్టు ఉండేది. మూడు గ్లాసులు సొట్టలు పోయాయి. సోమ్లి పాల్వంచ సంతకి పోయినప్పుడు సైకిల్ షాపు వాడిని అడిగి పాత ట్యూబు తెచ్చి, పట్టీలుగా కోసి, గ్లాసుకి, బకెట్ పిడికి, తలుపు గడియకి చుట్టింది. చీర అంచు మడిచి కుట్టినంత శ్రద్ధగా చుట్టింది. ఇది జబ్బా, భయమా అని మాత్రం ఆమె ఏ రోజూ అడగలేదు. ఆ ఏడాదిలో అతనికి దొరికిన మేలు అదొక్కటే.

ఇప్పుడు ఆమె రబ్బరు లేని గ్లాసులో టీ పోసి అతని ముందు పెట్టింది. హాతీరాం ఎడమచేత్తోనే అందుకున్నాడు. వేడి తగిలింది. దాని వెనకాలే జుమ్మన్నది. అతను పెదవులు కదిలీ కదలకుండా ఒక మాట అనుకున్నాడు. తర్వాత టీ తాగాడు. గ్లాసు కింద పెట్టేదాకా సోమ్లి అతని చేతినే చూసింది.

"ఏమంటున్నవ్ నోట్లె? మంత్రమా?"

"మంత్రమే అనుకో. 'నువ్వేం లేవు పో' అంటున్న దానికి."

"పోయిందా?"

"పోలే. పోకున్నా టీ తాగిన గదా."

సోమ్లి నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు. అతను లేచి తలుపు దగ్గరికి పోయి గడియకున్న రబ్బరు మీద గోరు పెట్టి చూశాడు. అది గట్టిగా అతుక్కుని ఉంది. బైటి నుంచి ఎండ అప్పటికే గడప మీదికి వచ్చింది.

"గా రబ్బరు సాయంత్రం తీద్దువులే, డ్యూటీకి యాళ్ళయితంది" అని సోమ్లి డబ్బా చేతికిచ్చింది.

హాతీరాం లైన్‌మన్. స్తంభాలెక్కే పనిలో చేరినప్పుడు అతనికి మీసాలు సరిగ్గా రాలేదు. ఇప్పుడు అవి నెరిశాయి. ఎండకి నల్లబడ్డ మెడ, నడుముకి బెల్టు ఒరుసుకున్న చోట తోలులా గట్టిపడ్డ చర్మం, పాదాల లోపలి అంచుల్లో కాయలు. తండాలో ఇంకో ఇద్దరు హాతీరాంలు ఉన్నారు కాబట్టి ఇతన్ని కరెంటు హాతీరాం అంటారు. గాలివానకి అడవి అంచు ఊళ్ళన్నీ చీకటైనప్పుడు, అతని బండి చప్పుడు వినగానే పిల్లలు "వచ్చిండు, వచ్చిండు" అని అరుస్తారు. అతనికి ఇష్టమైన సంగతులు ఎక్కువేమీ లేవు. ఉన్నవాటిలో ఆ అరుపు ఒకటి.

పని నేర్పింది సీతయ్య. మొదటి రోజే చెప్పాడు: "లైన్ ఆఫ్ చేసినమని నువ్వు కండ్లార చూసినా సరే, తీగను పట్టుకునే ముందుగాల వెనక చేత్తోని తాకు. అరచెయ్యి పెడితే వేళ్ళు ముడుసుకపోయి తీగనే పట్టుకుంటయ్, ఇడువవు. వెనక చెయ్యి పెడితే చెయ్యి దానంతటదే ఇదిలించుకుంటది. తిట్టుకుంటవ్, గని బతుకుతవ్." వేళ్ళ వెనకభాగాన్ని అతను వెనక చెయ్యి అనేవాడు. హాతీరాం ఎడమచేతి వేళ్ళ వెనక, కణుపుల మీద, ఇన్నేళ్ళలో తగిలిన చిన్నచిన్న మచ్చలు నువ్వుగింజల్లా ఉన్నాయి.

ఆ జూన్ తొమ్మిదిన సీతయ్య వెనక చేత్తోనే తాకాడు. తీగలో ఏమీ లేదు. తర్వాత పట్టుకుని పని చేసుకుంటుండగా గాలి లేచింది. ఎక్కడో తెగిన పై లైన్ తీగ వచ్చి దీని మీద పడింది. కింద హాతీరాం, స్తంభానికి దన్నుగా లాగికట్టిన స్టే తీగ మీద ఎడమచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎవరో భుజం దాకా చెయ్యిని పిండి వదిలినట్టయింది. తలెత్తి చూశాడు. ఆ చూసినదాన్ని అతను సోమ్లికి కూడా చెప్పలేదు.

మొదట చెయ్యే. తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. బండి మీద పోతుంటే గుండె ఉన్నట్టుండి దడదడలాడేది. చెవుల్లో ట్రాన్స్‌ఫార్మర్ మోగుతున్నట్టు హోరు. స్తంభం మీద సగం దూరంలో కాళ్ళు తేలిపోయి, తనవి కానట్టు అనిపించేవి. తండాలో పెద్దలు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ బలం తగ్గిందని సూదులు వేశాడు. కూతురు సంగీత ఖమ్మంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. ఆమె తండ్రిని బండెక్కించుకుని ఒక దవాఖానా తర్వాత ఇంకోటి తిప్పింది. షుగర్ లేదు. గుండె బాగుంది. చేతికి చిన్న సూదులు గుచ్చి నరాలు చూశారు, నరాలూ బాగున్నాయి. బాగుంది అన్న ప్రతిసారీ హాతీరాంకి దిగులు ఎక్కువయ్యేది. ఏదో ఒకటి దొరికితే దానికో పేరుండేది.

పనిలో ఇంకో కష్టం. స్విచ్ దించి స్తంభం ఎక్కేవాడు, చెయ్యి జుమ్మనేది, దిగి పోయి స్విచ్ మళ్ళీ చూసుకుని వచ్చేవాడు. మళ్ళీ ఎక్కేవాడు, మళ్ళీ జుమ్మనేది. సబ్‌స్టేషన్‌కి ఒకటికి రెండుసార్లు ఫోన్. ఇళ్ళిళ్ళూ తిరిగి "ఇన్వర్టరుందా, జనరేటరుందా, మెయిన్ దించుండ్రి" అని చెప్పి వచ్చేవాడు. అరగంట పని పూట పట్టేది. లైన్ ఇన్‌స్పెక్టర్ ఆదినారాయణ చెడ్డవాడు కాదు. కానీ ఆఫీసులో నలుగురు నవ్వుకోవడానికి ఒక పేరు కావాలి. అతనే పెట్టాడు: రెండుసార్ల హాతీరాం.

చివరికి సంగీత నరాలవాళ్ళ దగ్గరికి కాదు, మనసు డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆమెను బైట కూర్చోమని చెప్పి ఆయన హాతీరాంని ఒక్కడినే లోపలికి పిలిచాడు. నెమ్మదైన మనిషి. గదిలో ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. తొందరపెట్టకుండా అంతా విన్నాడు. తోటి మనిషి కళ్ళ ముందే పోయాడని విన్నప్పుడు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. అంతవరకూ ఏ డాక్టరూ అలా చెయ్యలేదు.

"మీరేం పని చేస్తారు?"

"కరెంటాఫీసుల సార్."

ఆ చుట్టుపక్కల ఎవరైనా అంతే అంటారు. బిల్లు రాసేవాడూ, స్తంభమెక్కేవాడూ, గేటు తీసేవాడూ అందరూ కరెంటాఫీసులోనే. డాక్టర్ ఆ ప్రాంతం వాడు కాదు.

"ఓహో, ఆఫీసు పనా. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చున్నా చేతులు అలా తిమ్మిరెక్కుతుంటాయిలెండి."

హాతీరాం నోరు తెరిచాడు. స్తంభాల సంగతి చెబితే ఈయన కాగితం మీద ఎక్కొద్దని రాస్తాడు. రాస్తే స్టోర్‌లో తీగచుట్టల పక్కన స్టూలు వేస్తారు. పిల్లలు "వచ్చిండు" అని అరిచేది ఇంకెవరినో.

"అవ్ సార్" అన్నాడు.

డాక్టర్ అతని ఎడమచెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చెప్పాడు. "మీ చేతికి ఏ జబ్బూ లేదండీ. ఆ రోజు పడ్డ భయం చేతిలో ఉండిపోయింది. అది నిజంగానే జుమ్మంటుంది, మీరు ఊహించుకుంటున్నారని నేననను. కానీ అది చెప్పే మాట నిజం కాదు. కరెంటు ఉందని చెబుతుంది, ఉండదు. అది చెప్పినప్పుడల్లా మీరు ఆగి మళ్ళీ చూసుకుంటే దానికి బలమొస్తుంది. ఆగకండి. మళ్ళీ చూసుకోకండి. నువ్వేం లేవు పో అని, మీ పని మీరు చేసుకుంటూ పోండి. ఏది ముట్టుకోవాలో అది ముట్టుకోండి."

గ్లాసుకీ, గడియకీ, బకెట్ పిడికీ అంతకంటే మంచి మాట లేదు. హాతీరాం దాన్ని కళ్ళకద్దుకున్నట్టు తీసుకుని వచ్చాడు. నిజంగానే పనిచేసింది. గుండెదడ తగ్గింది, రాత్రుళ్ళు నిద్ర వచ్చింది. స్తంభం దగ్గర మాత్రం ఇన్నాళ్ళూ ఆ మాట వాడలేదు. ఈ రోజు వాడదామని రాత్రే అనుకున్నాడు. అక్కడ కూడా గెలిస్తే ఇంక తన చెయ్యి తనది.

మే నెల ఎండ. రోడ్డు పక్కన తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా నడిచిపోతున్నారు. ఫోన్ మోగితే హాతీరాం ఒక నేరేడు చెట్టు కింద బండి ఆపాడు.

"హాతీరాం, ఇప్పలగూడెంల చివరి గల్లీకి కరెంట్ లేదంట. జంపర్ కాలినట్టుంది" అన్నాడు ఆదినారాయణ. "ఆడ ఎవరింట్లనో తొట్టెల ఫంక్షనంట, ఫోన్ల మీద ఫోన్లు. జర జల్దీ చూడు. ఒక్కసారి పోతే అయిపోయే పని. రెండుసార్లకు పెట్టకు మరి."

"ఒక్కసారే సార్, ఇయ్యాల."

"అట్లనా? మరి నీ పేరు మార్చాలె గద!"

ఇద్దరూ నవ్వారు. హాతీరాంకి ఆ నవ్వు గుచ్చుకోలేదు. చెట్టు కింద గాలి చల్లగా ఉంది. ఒక తల్లికోతి, పిల్లను పొట్టకి హత్తుకుని, అతని వైపు చూసి, భయపడాల్సిన మనిషి కాదని తేల్చుకుని, మళ్ళీ పేలు చూసుకోసాగింది.

ఇప్పలగూడెం మలుపులో టెంట్‌హౌస్ జానీ మియా ట్రాలీ ఆటో కనిపించింది. కుర్చీలు, షామియానా గుడ్డలు, వాటి మీద తాడుతో కట్టిన చిన్న జనరేటర్. జానీ మియాది పాల్వంచ. హాతీరాం పెళ్ళిలో కట్టిన పందిరి కూడా జానీ మియా వాళ్ళ అబ్బాజాన్ కట్టిందే.

"సలాం హాతీరాం భాయ్! నీ కరెంట్ మీద నమ్మకముంటే నా జనరేటర్ ఏనాడో తుప్పు పట్టేది. అల్లా నిన్ను గిట్లనే ఉంచాలె!"

"నీ నోట్లె బెల్లం పొయ్య. అరగంటల కరెంటిస్త సూడు, నీ డబ్బా పెట్రోలు నువ్వే తాగాలె."

"అరగంట అంటే ఏ అరగంట? నీ అరగంటకు బిర్యానీ దమ్ముకు పెట్టి, తిని, కడుక్కోవచ్చు."

జనరేటర్ ఎక్కడ పెడుతున్నావు, ఇంటి మెయిన్ దించమని చెప్పు అనే మాట హాతీరాం నోటి దాకా వచ్చింది. వచ్చిన వెంటనే మెడ వెనక చెమట పట్టింది, గుండె ఒకసారి ఎగిరింది. మళ్ళీ మొదలైంది అనుకున్నాడు. జానీ మియా పందిట్లో బల్బులకి తన వైర్లు తనే లాక్కుంటాడు, ఇళ్ళ లైన్లతో అతనికేం పని? వచ్చిన మాటను మింగేసి చెయ్యి ఊపి ముందుకు పోయాడు. మింగిన తర్వాత గుండె నెమ్మదించింది కూడా. అది చూసి అతనికి ధైర్యం వచ్చింది.

ఊరి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్. స్విచ్ హ్యాండిల్ కిందికి దించాడు. పైన స్విచ్ కత్తులు మూడూ విడిపోవడం కళ్ళతో చూశాడు. ఫ్యూజు గ్రిప్పులు పీకి, ఎవరూ తెలియక పెట్టకుండా, తన సంచిలో వేసుకున్నాడు. సీతయ్య నేర్పిన పద్ధతి అదే. ఊరంతా ఫ్యాన్లు ఆగిన నిశ్శబ్దం. వెనక్కి తిరిగి నడుస్తుంటే చెయ్యి, పోయి ఇంకోసారి చూడు, అంది. అతను పోలేదు.

చివరి గల్లీ మొదట్లో స్తంభం. అక్కడే జంపర్, అంటే ఊరి వైపు నుంచి వచ్చిన తీగనూ గల్లీలోకి పోయే తీగనూ కలిపే ముక్క, కాలి తెగింది. స్తంభం ఎదురింటి ముందు ఒక ఆడమనిషి ముక్కాలి పీట మీద మజ్జిగ చెంబు పెట్టుకుని ఎదురుచూస్తోంది. పేరు పుష్పలత. మనుమరాలికి ఇరవై ఒకటో రోజు, ఈ రోజే తొట్టెల్లో వేస్తున్నారు. వేడుక ఇల్లు గల్లీ లోపల ఉంది, ఇది వాళ్ళ చుట్టాలది.

"అన్నా, ముందుగాల మజ్జిగ తాగు. ఎండల వచ్చినవ్. పోరి ఒక్కతీరుగ ఏడుస్తంది, ఉక్కకు ఒళ్ళంత పేలింది. కూలర్ నడిస్తే పండుకుంటది."

"నీ మనుమరాలు పండుకునేసరికి కరెంట్ ఉంటది, చెల్లె. పేరేం పెడుతున్రు?"

"ఇంక తేలలే. ఒకరొకటంటున్రు. కరెంట్ వస్తే తేలుస్తం అంటున్రు మా ఆయన, ఉక్కకు బుర్రలు పనిజేస్తలెవ్వంట!"

మజ్జిగలో కరివేపాకు, కొంచెం అల్లం. చెంబు ఇత్తడిది. హాతీరాం రెండు చేతులతో పట్టుకుని తాగాడు. ఎడమచెయ్యి ఊరుకుంది. ఒక్క గుక్కసేపు పూర్తిగా ఊరుకుంది. దానికి అతను మనసులో దండం పెట్టుకున్నాడు.

లోపల గల్లీకి అడ్డంగా జానీ మియా మనుషులు షామియానా కట్టారు. ఎర్ర గుడ్డ అటు వైపును మూసేసింది. పుష్పలత చెంబు తీసుకుని దాని కింద నుంచి వంగి వెళ్ళిపోయింది.

అతను బెల్టు బిగించి స్తంభం ఎక్కాడు. కాళ్ళు తనవే. ప్రతి అడుగూ తనదే. పైకి పోయేకొద్దీ పెంకుటిళ్ళు, రేకుల కప్పులు కిందికి దిగాయి, వాటి మీదుగా అడవి కనిపించింది. ఎండకి ఆకు రాల్చిన టేకు, మధ్యమధ్యలో పచ్చగా కానుగ. ఇంత ఎత్తు నుంచి అడవిని చూసి ఏడాదయింది. ఎక్కాడు కానీ చూడలేదు.

బెల్టు తాడు స్తంభం చుట్టూ వేసి వెనక్కి వాలాడు. కింద షామియానా అవతల నుంచి పసిబిడ్డ ఏడుపు సన్నగా వినిపిస్తోంది. కాలిన తీగముక్క విప్పి జేబులో వేసుకున్నాడు. కొత్త ముక్క వంచి, ఊరి వైపు తీగకి కట్టాడు. కట్టబోయే ముందు దాన్ని వెనక చేత్తో తాకకుండానే తెలుసు, ఏమీ లేదని. అయినా తాకాడు. అలవాటు. చల్లగా, మొద్దుగా, చచ్చిన తీగ.

అప్పుడే ఎక్కడో ట్రాక్టర్ లాంటిది స్టార్ట్ అయిన చప్పుడు వచ్చింది. కాసేపు దగ్గి, ఒక లయలో పడింది. ఆ తర్వాత పసిబిడ్డ ఏడుపు వినిపించలేదు.

హాతీరాం రెండో వైపు తిరగడానికి స్తంభం మీది ఇనపపట్టీ మీద ఎడమచెయ్యి ఆనించాడు.

జుమ్మన్నది.

వేళ్ళ చివర నుంచి మణికట్టు దాకా, చీమలు వరసగా పోయినట్టు. చెయ్యి తీశాడు. ఆగింది. మళ్ళీ పెట్టాడు. జుమ్మన్నది. గుండె దడదడలాడటం మొదలుపెట్టింది, చెవుల్లో హోరు. నాలుక మీదికి చింతచిగురు పులుపు వచ్చింది. ఇన్ని నెలలుగా ఏ వరసలో వస్తాయో అదే వరసలో వచ్చాయి అన్నీ. వాటిలో ఒక్కటి కూడా కొత్తది కాదు. కిందికి దిగు, అన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి చూడు, ఇళ్ళల్లోకి పోయి అడుగు.

స్విచ్ దించింది తనే. ఫ్యూజులు తన సంచిలోనే ఉన్నాయి, బరువు భుజానికి తెలుస్తోంది. ఇంక ఎక్కడి నుంచి వస్తుంది కరెంటు? పొద్దున గ్లాసు కూడా ఇలాగే అంది.

కళ్ళు మూసుకుని డాక్టర్ చేతులు గుర్తు తెచ్చుకున్నాడు. వెచ్చగా, మెత్తగా ఉన్నాయి ఆ చేతులు. ఒకటి, రెండు ఊపిరులు తీశాడు. గుండె కొంచెం దిగింది. గల్లీ వైపు తీగ మీదికి వెనక చెయ్యి పోబోయింది. మళ్ళీ చూసుకోకు అన్న మాట గుర్తొచ్చి, దాన్ని ఆపాడు. పిల్ల పడుకునేసరికి ఇస్తానన్నాడు.

"నువ్వేం లేవు పో" అన్నాడు హాతీరాం, ఈసారి పైకే. తర్వాత తీగను అరచేత్తో, తనది అన్నట్టు, గట్టిగా పట్టుకున్నాడు.

షామియానా లోపల కూలర్ నడుస్తోంది. పిల్ల ఏడుపు తట్టుకోలేక జానీ మియానే జనరేటర్ దింపించి, ఇంటి గోడకున్న ప్లగ్గులోకి వైరు పెట్టించాడు. బల్బులకైతే తన వైర్లు ఉంటాయి. కూలర్‌కీ ఫ్యాన్లకీ ఇంటి వైరింగే దిక్కు. మెయిన్ దించకపోతే ఆ కరెంటు ఇంట్లో నుంచి వెనక్కి గల్లీ తీగలోకి ఎక్కుతుందన్న మాట ఆ సందడిలో ఎవరికీ తోచలేదు. తడి వట్టివేళ్ళ గాలి తగలగానే పిల్ల రెండుసార్లు వెక్కి, నిద్రపోయింది. "జానీ భాయ్, నీ కడుపు సల్లగుండ" అంది పుష్పలత. అతను నవ్వి, అరగంట పందెం ఎవరు గెలిచారో చెబుదామని హాతీరాం కోసం చూశాడు.

పుష్పలత ఇస్తరాకులో బగారన్నం, కోడికూర పెట్టించి తీసుకుని గుడ్డ కింద నుంచి బైటికొచ్చింది.

"అన్నా, దిగి ఇంత తిను. పని యాడికి పోతది!"

అతను స్తంభం మీద బెల్టుకి వాలి కూర్చున్నట్టే ఉన్నాడు. తల కొంచెం వంచి, అడవి వైపు. ఒక చెయ్యి తీగ మీద ఉంది.

"అన్నా, నిన్నే. కరెంట్ రాకున్నా మాయె, జనరేటర్ పెట్టిండు జానీ భాయ్."

పలకలేదు. నిద్రపోయాడేమో అనిపించి ఆమెకి నవ్వు కూడా వచ్చింది. ఇంకో రెండడుగులు ముందుకు వేసింది. ఒక చెప్పు జారి స్తంభం మొదట్లో పడి ఉంది. ఇస్తరాకు చేతిలోనే ఉండగా ఆమె జానీ మియాను పిలిచింది. గట్టిగా కాదు. పిల్ల లేస్తుందేమో అన్నంత మెల్లగా.

జానీ మియా వచ్చి తలెత్తి చూశాడు. తర్వాత తన వెనక జనరేటర్ చప్పుడు విన్నాడు. చేతిలోని పలుగు అక్కడే పడేసి పరుగెత్తాడు. చప్పుడు ఆగింది. ఆగిన తర్వాతే హాతీరాం చెయ్యి తీగను వదిలింది.

సాయంత్రం ఆదినారాయణ తండాకి వచ్చాడు. హాతీరాం పాల్వంచ దవాఖానాలో ఉన్నాడు. పోస్టుమార్టం చేసి పొద్దున గానీ ఇవ్వరు. సంగీత ఖమ్మం నుంచి నేరుగా అక్కడికే పోయింది. వాకిట్లో ఆడవాళ్ళు సోమ్లి చుట్టూ కూర్చుని ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు ఊరికే కూర్చున్నారు. ఆదినారాయణ సంచి తెచ్చి గడప పక్కన పెట్టాడు. దానిలో నుంచి ఫ్యూజు గ్రిప్పులు తీసుకున్నాడు. అవి లేక ఇప్పలగూడెం అంతా చీకట్లో ఉంది. 

"సార్" అంది సోమ్లి. "మీకు ఫోన్ చేసిండా?"

"నేనే చేసిన అమ్మా."

"ఎక్కినంక చేసిండా? మల్ల సూడుమని?"

"చెయ్యలే. ఇయ్యాల ఒక్కసారే అన్నడు. నేను నవ్విన." ఆదినారాయణ చేతిలోని గ్రిప్పులు చూసుకున్నాడు. "నేను నవ్విన అమ్మా."

సోమ్లి అతన్ని చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. అర్థం కానిదాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్న శ్రమ ఉంది.

"తక్కువైందన్నడు సార్ పొద్దుగాల" అంది. "వట్టి గ్లాసుల చాయ్ తాగిండు."

ఆదినారాయణకి ఆ మాట వెనక సంగతి తెలియదు. తల ఊపి, గ్రిప్పులు గుండెకి ఆనించుకుని, బండి వైపు నడిచాడు. కొంతసేపటికి దూరంగా, అడవి అంచున, ఇప్పలగూడెం దీపాలు వెలిగాయి.

పొద్దుగూకింది. తోడు పడుకుంటామన్న ఆడవాళ్ళు లోపల చాపలు పరుచుకున్నారు. సోమ్లి వాకిట్లో పీట దగ్గరికి వచ్చింది. పొద్దున కోసిన రబ్బరు ముక్క దాని పక్కనే చుట్టలు చుట్టుకుని పడి ఉంది. ఒంగి తీసి కొంగు చివర ముడివేసుకుంది. డబ్బా సంచిలోనే ఉంది, విప్పలేదు.

లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. నిద్రపోతున్న మనిషిని లేపకుండా వేసినట్టు, చప్పుడు కాకుండా వేసింది. గడియ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. సాయంత్రం తీస్తానన్న రబ్బరు గడియకి అలాగే ఉంది, నల్లగా, అతని వేళ్ళు ఆనే చోట కొంచెం అరిగి, నునుపుగా.